పలువరుస దిద్దుబాటు: పన్ను పెరకాలా, నిలపాలా?

దంతవైద్య చరిత్రలో ఇప్పటికీ పూర్తిగా తెగని వివాదం ఒకటి ఉన్నది. పన్నుమీద పన్ను ఎక్కి ఇరుకైపోయిన పలువరుసను చక్కజేయడానికి ఆరోగ్యంగా ఉన్న శాశ్వత దంతాలను కొన్నింటిని తీసివేయవచ్చునా, లేక ఉన్న పళ్లన్నింటినీ నిలుపుకొనే సరిచేయవలెనా అన్నదే ఆ వివాదం. మనిషికి శాశ్వత దంతాలు 32. దవడ చిన్నదై పళ్లు వెడల్పుగా ఉన్నప్పుడు వాటికి చోటు చాలదు. అప్పుడు కోరపన్ను పైకి లేచి నిలబడుతుంది, ముందుపళ్లు ఒకదానిమీద ఒకటి అడ్డంగా తిరుగుతాయి. వైద్యునికి గల దారులు కొద్దే. ఒకటి, కొన్ని పళ్లను తొలగించి చోటు చేయడం. మరొకటి, పలువరుస వంపును వెడల్పు చేసో, దవడపళ్లను వెనుకకు జరిపో, పళ్ల పక్కలను కొద్దిగా అరగదీసో చోటు సంపాదించడం.

ముస్లిం కుటుంబాలలో ఈ ప్రశ్నకు మరో ప్రశ్న కూడా తోడవుతుంది. అల్లాహ్ ప్రసాదించిన రూపాన్ని మార్చడం కాదా ఇది? ఆడపిల్లకు పళ్లకు తీగ కట్టించబోయే తండ్రి డాక్టరును అడిగే ప్రశ్న వేరు, ఆలిమ్‌ను అడిగే ప్రశ్న వేరు. ఈ రెండు ప్రశ్నలకూ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ముస్లిం వైద్యులకూ, ధర్మవేత్తలకూ గల స్థానాన్ని పెంచకుండా, తగ్గించకుండా చూడవలసి ఉన్నది.

అన్నింటికంటె పాతదిగా చెప్పదగిన స్పష్టమైన సూచన రోము దేశంలో క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రంథం వ్రాసిన సెల్సస్‌ది. పాలపన్ను ఊడక ముందే దాని వెనుక శాశ్వత దంతం మొలిస్తే, పాలపన్నును తీసివేసి, కొత్త పన్నును ప్రతి రోజూ వ్రేలితో సరియైన చోటికి నెట్టుతూ ఉండవలెనని ఆయన చెప్పాడు. పరికరం ఏమీ లేదు, వ్రేలు మాత్రమే. అయినా పన్ను ఎముకలో కదులుతుందనీ, తక్కువ బలంతో ఎక్కువ రోజులు నెట్టితే చోటు మారుతుందనీ గుర్తించిన మాట అది. ఏడవ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు పాల్ ఈజినీటా అదనంగా మొలిచిన పళ్లను గురించి, పొడుచుకు వచ్చిన పళ్లను అరగదీయడం గురించి వ్రాశాడు. ఆయన శస్త్రచికిత్సా భాగం అరబ్బీలోకి వచ్చి తరువాతి ముస్లిం వైద్యులకు ఆధారమైనది.

ఆ తరువాతివారిలో అగ్రగణ్యుడు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ అల్ జహ్రావీ. స్పెయిన్‌లోని కార్డోవా, అనగా ఖుర్తుబా నగర సమీపాన ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ నిర్మింపజేసిన మదీనతుజ్జహ్రాలో సుమారు క్రీ.శ. 936లో పుట్టి, సుమారు 1013లో మరణించాడు. ఆయన రచించిన ‘కితాబుత్తస్రీఫ్’ 30 భాగాల బృహద్గ్రంథం. సుమారు క్రీ.శ. 1000 నాటికి పూర్తయిన ఈ గ్రంథంలో చివరిదైన 30వ భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో రెండు వందలకు పైగా పరికరాల బొమ్మలున్నాయి. పన్నెండవ శతాబ్దంలో టొలెడోలో గెరార్డ్ ఆఫ్ క్రెమోనా దీనిని లాటిన్‌లోకి అనువదించగా, కొన్ని శతాబ్దాల పాటు ఐరోపా వైద్యులు దీనినే చదువుకున్నారు. 1973లో లండన్ నుండి స్పింక్, లూయిస్ అనే పండితులు మూలాన్ని ఆంగ్లానువాదంతో సహా ప్రకటించారు గనుక, ఆయన ఏమి చెప్పాడో, ఏమి చెప్పలేదో నేడు ఎవరైనా సరిచూసుకోవచ్చును.

పళ్లు అసహజంగా మొలిచినప్పుడు ముఖానికి, ముఖ్యంగా స్త్రీలకు, వికారం కలుగుతుందని అల్ జహ్రావీ ఒక అధ్యాయంలో ప్రస్తావించాడు. అందుకు ఆయన మూడు మార్గాలు చూపాడు. ఒక పన్ను మరొక పన్ను వెనుక మొలిచి, కోయడానికి గాని అరగదీయడానికి గాని వీలులేకపోతే దానిని పెరకాలి. మరొక పన్నుకు అతుక్కొని ఉంటే చిన్న ముక్కులాంటి పదునైన పరికరంతో కోయాలి. ఊరక పొడుచుకు వచ్చిన పన్నైతే ఆకురాయితో అరగదీయాలి. పన్ను చాలా గట్టిది కాబట్టి, పక్కపళ్లు కదిలిపోకూడదు కాబట్టి, ఈ పని ఒక్కనాడు కాక అనేక దినాలు కొద్దికొద్దిగా చేయాలని ఆయన హెచ్చరిక. ఆకురాయి పళ్లు సూదులు చేసేవారి ఆకురాయివలె సన్నగా ఉండాలని కూడా చెప్పాడు.

ఆ పరికరాలకు ఆయన కోరిన లోహం హిందూ దేశపు ఇనుము. తెలుగు పాఠకునికి ఇది ఆసక్తి కలిగించే మాట. అరబ్బులు హిందీ ఇనుము అని పిలిచిన మూస ఉక్కు దక్షిణ భారతంలో అనేక చోట్ల తయారయ్యేది. తెలంగాణలో నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం, దాని చుట్టుపట్ల గ్రామాలు ఆ ఉక్కుకు పేరుపొందినవి. ఇరాన్ వర్తకులు స్వయంగా కోనసముద్రం వచ్చి కొనుగోలు చేసేవారని 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ ప్రాంతాన్ని చూసిన వోయ్‌సీ వ్రాసిన వివరణ 1832లో ప్రచురితమైనది. అంతమాత్రాన అల్ జహ్రావీ చేతిలోని ఆకురాయి మన తెలంగాణ ఉక్కుదే అనడానికి ఆధారం లేదు. ఆయనకూ ఈ వివరణకూ మధ్య ఎనిమిది వందల ఏండ్ల దూరం ఉన్నది. దక్షిణ దేశపు ఉక్కు ఖ్యాతి ఖుర్తుబా దాకా ప్రాకినదన్నంత వరకే చెప్పడం న్యాయం.

పన్ను పెరికే అధ్యాయంలో ఆయన మాటలు ఇంకా గమనించదగినవి. పంటినొప్పికి అన్ని ఉపాయాలూ ప్రయోగించి చూడాలి. పెరకడానికి తొందరపడరాదు. పన్ను ఉత్తమమైన అవయవం, పోయిన తరువాత దాని స్థానాన్ని పూరించేది లేదు అని ఆయన అభిప్రాయం. నొప్పి రోగిని మోసగిస్తుందనీ, చెడిన పన్నును వదలి మంచి పన్నును చూపి తీయించుకొంటాడనీ, తీరా తీసిన తరువాత నొప్పి అలాగే ఉంటుందనీ, మంగలివాళ్ల చేతిలో ఇట్లా జరగడం తాను చూశాననీ చెప్పాడు. పన్ను విరగగొట్టి వేరును లోపలే వదిలేసే అజ్ఞానులపై ఆయనకు గల కోపం ఆ పుటలలో స్పష్టంగా కనిపిస్తుంది. కదిలే పళ్లను బంగారు తీగతో పక్కపళ్లకు కట్టే పద్ధతిని కూడా ఆయన బొమ్మతో సహా వివరించాడు. వెండి కొద్ది రోజులకే పచ్చబడి చెడిపోతుంది గనుక బంగారమే మేలన్నాడు. పోయిన పన్ను స్థానంలో ఎద్దు ఎముకతో చెక్కిన పన్నును నిలపవచ్చునన్నాడు. గార గీకడానికి పద్నాలుగు రకాల పరికరాలు గీచి చూపాడు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. ఇస్లామీయ విజ్ఞాన వైభవాన్ని కీర్తించే కొన్ని వ్యాసాలలో, ఉపన్యాసాలలో అల్ జహ్రావీయే పళ్లు సరిచేసే శాస్త్రానికి ఆద్యుడని చెప్పడం పరిపాటి అయినది. ఆయన గ్రంథం ఆ మాటను సమర్థించదు. ఆయన పన్నును కోశాడు, అరగదీశాడు, పెరికాడు, కదలకుండా కట్టాడు. కాని వంకరగా ఉన్న పన్నును ఒక చోటి నుండి మరొక చోటికి జరిపే పద్ధతి ఆ అధ్యాయంలో లేదు. ఆ ఆలోచన, ఎంత ప్రాథమికమైనదైనా, సెల్సస్ వ్రేలిలోనే ఉన్నది. అల్ జహ్రావీ గొప్పతనానికి లేని బిరుదు తగిలించవలసిన అవసరం లేదు. పన్నును విలువైన సొత్తుగా చూడడం, తొందరపడి తీయకపోవడం, చేసే పనిని కొద్దికొద్దిగా చేయడం, ఏ పరికరం ఎట్లుండాలో బొమ్మ గీచి చూపడం - ఇవి చాలు. క్రీ.శ. 1465లో అనతోలియాలోని అమస్యాలో షరఫుద్దీన్ సాబుంజూఒగ్లూ ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకొని తుర్కీ భాషలో శస్త్రచికిత్సా గ్రంథం వ్రాసి, పరికరాలతో పాటు చికిత్స జరిగే తీరును కూడా రంగుల బొమ్మలలో చూపాడు. అల్ జహ్రావీకి పూర్వుడైన అబూ బక్ర్ అల్ రాజీ ‘అల్ హావీ’ని 1955 నుండి మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంపుటాలుగా ముద్రించినది. అందులో చెవి, ముక్కు, దంతాల వ్యాధులకు ఒక సంపుటం కేటాయింపబడినది.

ఇక ధర్మవేత్తల వైపు చూద్దాం. ఈ విషయంలో తరచుగా ఉదహరింపబడే హదీసు హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించినది, బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. పచ్చబొట్టు పొడిచే, పొడిపించుకొనే స్త్రీలతో పాటు, అందం కొరకు పళ్ల మధ్య సందులు చేయించుకొని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలు అందులో శపించబడినారు. ఇది వినగానే పళ్లకు క్లిప్పులు వేయించడం నిషిద్ధమని తేల్చేవారున్నారు. అయితే ఆ కాలపు ఆచారం ఏమిటో చూడాలి. పడుచుపిల్లల ముందుపళ్ల మధ్య సన్నని సందు ఉండడం సహజం. వయసు మళ్లిన స్త్రీలు ఆకురాయితో పళ్లు రాపించుకొని ఆ సందు తెచ్చుకొని, చిన్నవయసువారిగా కనిపించడానికి ప్రయత్నించేవారు. మంచి పన్నును మోసం కొరకు చెడగొట్టడం అది. హదీసులోని ‘అందం కొరకు’ అన్న మాటను ఇమామ్ నవవీ ముస్లిం గ్రంథ వ్యాఖ్యానంలో విడదీసి చూపాడు. నిషేధం అందం కోరి చేసినదానికేననీ, చికిత్సకో, పంటిలోని లోపానికో అవసరమైతే దోషం లేదనీ ఆయన స్పష్టంగా చెప్పాడు.

మరొక ఆధారం హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించి పెట్టుకొంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకొమ్మన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ అవసరం కొరకు అనుమతి లభించిందన్నమాట. ఈ హదీసు క్రిందనే ఇమామ్ తిర్మిజీ, ఒకరిద్దరు కాదు, పలువురు విద్వాంసులు తమ పళ్లను బంగారంతో కట్టించుకొన్నారని చేర్చాడు. ఇమామ్ అబూ హనీఫా మాత్రం వెండితో పని జరిగేటప్పుడు బంగారం వద్దన్నారు. ఆయన శిష్యుడైన ఇమామ్ ముహమ్మద్ రెండింటినీ అనుమతించారు. ఖుర్తుబా వైద్యుడు వెండి చెడిపోతుందని వ్రాసిన సంగతిని ఈ చర్చ పక్కన పెట్టి చూస్తే, ధర్మవేత్తల భేదాభిప్రాయం ఏ ప్రశ్న చుట్టూ తిరిగిందో తెలుస్తుంది. వెండి నిజంగా పనికి వస్తుందా, రాదా అన్నది వైద్యుడు చెప్పవలసిన మాట.

మన కాలంలో 2007లో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, చీలిన పెదవి, అదనపు వ్రేళ్లు, అదనపు పళ్లు వంటి పుట్టుకతో వచ్చిన లోపాలు శారీరకంగానో మానసికంగానో బాధ కలిగిస్తున్నప్పుడు సరిచేయించుకోవడం ధర్మసమ్మతమని తీర్మానించినది. కాబట్టి నమలడానికి, శుభ్రపరచుకోవడానికి అడ్డువచ్చే వంకర పళ్ల విషయంలో కఠినంగా మాట్లాడేవారు హదీసులోని ఒక్క మాటను వదలివేసి మాట్లాడుతున్నారనవలసి ఉంటుంది.

అయితే సరిచేయడం ధర్మసమ్మతమని తేలినంత మాత్రాన, అందుకు మంచి పళ్లు పెరకవచ్చునా అన్న ప్రశ్న తేలదు. అది ఐరోపా, అమెరికా వైద్యుల మధ్య సాగిన పోరు.

1728లో ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ దంతవైద్యంపై రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. రంధ్రాలున్న లోహపు పట్టీని పలువరుసకు ఆనించి, దారాలతో పళ్లను దానికి కట్టి క్రమంగా లాగే పద్ధతి అందులో ఉన్నది. నేటి క్లిప్పులకు పూర్వరూపం ఇదే. 1757లో ఆ దేశానికే చెందిన బూర్దే, ఇరుకు తీరడానికి కోరపన్ను వెనుకనే ఉండే చిన్న దవడపళ్లను తొలగించడం మంచిదన్నాడు. తొలి పరికరం వచ్చిన మూడు దశాబ్దాలలోపే పన్ను పెరికే సలహా కూడా వచ్చినదన్నమాట. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ ఏంజెల్ 14 ఏండ్ల బాలిక పైదవడ పళ్ల మధ్య మరను బిగించి, రెండు వారాలలో అంగిలిని వెడల్పు చేశానని ప్రకటిస్తే ఆనాటి వైద్యులు నమ్మలేదు. పెరిగే వయసులో అంగిలి ఎముక నడిమి అతుకు విడుతుందని 1961లో హాస్ తిరిగి చూపిన తరువాత గాని ఆ పద్ధతికి గౌరవం రాలేదు.

ఈ శాస్త్రాన్ని ప్రత్యేక వృత్తిగా నిలబెట్టినవాడు అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఏంగిల్ (1855-1930). వంకర పళ్లను మూడు తరగతులుగా విభజించి 1899లో ఆయన ప్రకటించిన వర్గీకరణ నేటికీ వాడుకలో ఉన్నది. మొదట్లో అవసరమైతే పళ్లు తీయవచ్చునన్న ఏంగిల్, తరువాత పూర్తిగా మారి, ఒక్క పన్ను కూడా తీయరాదన్నాడు. పళ్లన్నీ ఉంటేనే నోరూ ముఖమూ సమతూకంగా ఉంటాయని, పళ్లను సరియైన చోట నిలిపి నమలనిస్తే వాటి చుట్టూ ఎముక తనంతట తాను పెరుగుతుందని ఆయన నమ్మకం. సృష్టిలో లోపం లేదు, కాబట్టి ఇచ్చిన పళ్లన్నింటికీ చోటుంటుంది అన్న భావం దీని వెనుక ఉన్నది. ముస్లిం పాఠకునికి ఇది వినసొంపైన వాదమే. కాని అదే ఏంగిల్ తన గ్రంథంలో ఆదర్శ ముఖంగా చూపినది రోములోని అపోలో విగ్రహాన్ని. శిల్పి చెక్కిన ఒక్క ముఖాన్ని మానవజాతి అంతటికీ కొలబద్ద చేయడంలో సృష్టి మీద గౌరవం ఎంత ఉన్నదో ఆలోచించవలసినదే.

ఆయనకు ఎదురు నిలిచినవాడు కాల్విన్ కేస్. కొందరి పళ్లు దవడలకు నిజంగానే పెద్దవి, అన్నింటినీ ఇరికిస్తే మూతి ముందుకు పొడుచుకు వస్తుంది, చక్కబడ్డ పళ్లు మళ్లీ వంకరపోతాయి అని ఆయన వాదం. 1911లో అమెరికా జాతీయ దంతవైద్య సంఘ సభలో ఈ విషయంపై పెద్ద చర్చ జరిగింది. ఏంగిల్ పక్షాన మార్టిన్ డ్యూయీ వాదించాడు. ఆనాడు గెలిచినది ఏంగిల్ పక్షమే, మరి మూడు దశాబ్దాల పాటు కేస్ మాట వినినవారు తక్కువ.

ఆ పక్షాన్ని దెబ్బతీసినవాడు బయటివాడు కాదు, ఏంగిల్ శిష్యుడే. ఆరిజోనా రాష్ట్రంలోని చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్లే పళ్లు తీయకుండా చికిత్స చేసి, చాలామందిలో ముఖం చెడడం, పళ్లు తిరిగి వంకరపోవడం చూసి, ఆ రోగులనే మళ్లీ పిలిచి నాలుగు చిన్న దవడపళ్లు తీసి తిరిగి చికిత్స చేశాడు. అట్టి నూరు మంది నమూనాలను 1940లో తోటి వైద్యుల ముందు పెట్టాడు. వాదనతో గాక చేసి చూపడంతో అభిప్రాయాలు మారిపోయాయి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఏంగిల్ మరో శిష్యుడు రేమండ్ బెగ్ కూడా అదే నిర్ణయానికి వచ్చాడు. ఆ దేశపు ఆదివాసుల పుర్రెలను పరిశీలించి, గరుకైన ఆహారం తినే మనుషుల పళ్లు పక్కలకు కూడా అరిగి సన్నబడి చోటు చేసుకొంటాయని, మెత్తని తిండి తినే నాగరికులలో ఆ అరుగుదల లేక ఇరుకు ఏర్పడుతుందని 1954లో వ్రాశాడు. తరువాతి పరిశోధకులు ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు.

ఫలితం అంకెలలో చూడవచ్చును. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ చికిత్సాలయంలో పళ్లు తీసి సరిచేయబడినవారు 1953లో నూటికి 30 మంది. 1968లో 76 మంది. 1993లో తిరిగి 28 మంది. ప్రాఫిట్ 1994లో ప్రకటించిన లెక్క ఇది. నలుబది ఏండ్లలో పిల్లల దవడలు పెరిగి తరిగి ఉండవు. మారినది వైద్యుల మనస్సు. దీనికి కొంత భయం కూడా తోడైనది. పళ్లు తీయడం వలన దవడ కీలు చెడిపోయిందని 1987లో మిషిగన్ రాష్ట్రంలో ఒక రోగికి భారీ పరిహారం ఇప్పిస్తూ తీర్పు వచ్చినది. తరువాతి పరిశోధనలు ఆ సంబంధాన్ని బలపరచకపోయినా వైద్యుల చేతులు వెనుకాడినాయి.

ఈ మలుపులోనే అల్ జహ్రావీ ఆకురాయికి దూరపు బంధువు ఒకటి మళ్లీ ప్రత్యక్షమైనది. 1985లో అమెరికా వైద్యుడు షెరిడన్, ఒక్కొక్క పక్కన అర మిల్లీమీటరుకు మించకుండా పళ్ల పింగాణీ పొరను యంత్రంతో అరగదీసి, అట్లా అనేక పళ్ల దగ్గర కూడబెట్టిన చోటులో ఇరుకును తీర్చే పద్ధతిని వివరించాడు. ఖుర్తుబా వైద్యుడు పొడుచుకు వచ్చిన భాగాన్ని అరగదీసి కనబడకుండా చేశాడు. ఇక్కడ అరగదీసినది చోటు కొరకు, ఆ తరువాత పన్నును జరపడం కొరకు. ఈ తేడాను మరచి రెండూ ఒకటే అనరాదు. 1997లో జపాన్ వైద్యుడు కనోమి దవడ ఎముకలో చిన్న మరను నాటి దానిని ఆధారంగా పళ్లను లాగవచ్చునని చూపినాక, దవడపళ్లను వెనుకకు జరపడం కూడా సులభమైనది.

అన్నింటికంటె తేలికైన మార్గం బాల్యంలోనే ఉన్నదని 1947లో హేస్ నాన్స్ వివరించాడు. పాల దవడపళ్లు వాటి స్థానంలో వచ్చే శాశ్వత దంతాలకంటె వెడల్పు. క్రింది దవడలో ఒక్కో పక్క సగటున 1.7 మిల్లీమీటర్లు, పై దవడలో 0.9 మిల్లీమీటర్లు మిగులుతుంది. సాధారణంగా ఆ మిగిలిన చోటులోకి వెనుకనున్న పెద్ద దవడపన్ను జరిగి దానిని మింగివేస్తుంది. చివరి పాలపళ్లు ఊడేముందే ఒక తీగతో పెద్ద దవడపళ్లను ఆపగలిగితే, స్వల్పంగా ఇరుకున్న పిల్లలలో చాలామందికి పన్ను తీయవలసిన అవసరమే రాదు. ఇది పది పన్నెండేండ్ల వయసులో చేయవలసిన పని. పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అని పుచ్చిపోనిచ్చి ముందుగా పీకిస్తే ఈ చోటు పోతుంది. పీకించిన పక్షాన చోటు నిలిపే తీగ పెట్టించాలి.

ఇరుకు ఎక్కువైనప్పుడు, మూతి ముందుకు వచ్చి పెదవులు మూయడానికి కష్టమైనప్పుడు, పళ్లు తీయక తప్పని పిల్లలు నేటికీ ఉన్నారు. తీసినంత మాత్రాన పలువరుస శాశ్వతంగా నిలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిటిల్, ఆయన సహచరులు నాలుగు చిన్న దవడపళ్లు తీయించుకొన్న 65 మందిని చికిత్స ముగిసిన ఎన్నో ఏండ్ల తరువాత పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించారు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో క్రింది ముందుపళ్లు తిరిగి వంకరపోయి ఉన్నాయి. వంపును వెడల్పు చేయించుకొన్నవారిని పరీక్షించినప్పుడు కూడా ఫలితం మెరుగ్గా లేదు. అందువలననే నేటి వైద్యులు, పళ్లు తీసినా తీయకపోయినా, చికిత్స ముగిసిన తరువాత ముందుపళ్ల వెనుక సన్నని తీగను అంటించి ఏండ్ల తరబడి అలాగే ఉంచుతున్నారు.